హూడిలో ఒక హారతి పాట, రెండు ఫైళ్ళు



ఈసారి పోస్టు కొంచెం పొడుగు. కాఫీ పెట్టుకుని కూర్చోండి. సగంలో వదిలేసేవాళ్ళు కనీసం చివరి రెండు పేరాలైనా చదవండి, వేసవి రికార్డింగుల సంగతి అక్కడే ఉంది.

పోయిన నెల డాలస్ నుంచి ఫోను వచ్చింది. మన సి బ్లాకులో ఉండిన అత్తయ్యగారు అందరికీ గుర్తే కదా (వయసుతో పని లేకుండా మనందరికీ ఆవిడ అత్తయ్యగారే), ఆవిడ మనవరాలు. పెళ్ళి కుదిరిందట. "మామయ్యా, ఉగాదికి అమ్మమ్మ చేత మీరు మంగళహారతి పాడించి రికార్డు చేశారు కదా, అది పంపిస్తారా? పెళ్ళిలో హారతి ఇచ్చేటప్పుడు అమ్మమ్మ గొంతే వినపడాలి" అంది. ఓస్ అంతేనా, సాయంత్రానికల్లా పంపిస్తానన్నాను. సాయంత్రం కాదు, పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో నాకు తెలిసొచ్చిన దానికి, అంతకుముందు నూట ఇరవై ఏళ్ళుగా గొంతుల్ని దాస్తూ వచ్చినవాళ్ళ కథకి దగ్గర చుట్టరికం ఉందనిపించి ఇది రాస్తున్నాను.

ముందు ఆ రికార్డింగు సంగతి. 2019 ఉగాది. అప్పటికి మనకి మెట్రో స్టేషను లేదు, పిల్లర్ల పని మాత్రం రాత్రింబవళ్ళు నడుస్తోంది. మా ఇంట్లో వెనక గది, రెండు పరుపులు గోడకి నిలబెట్టి, ఒక మైకు, ఒక లాప్‌టాప్. అత్తయ్యగారు ఫ్యాను కట్టేస్తే చెమటలు పోస్తున్నాయని గొణుగుతూనే నాలుగు చరణాలూ ఆపకుండా పాడేశారు. శ్రుతిపెట్టె పెడతానంటే వద్దన్నారు. "నేను పీట దగ్గర పాడేదాన్ని, కచేరీలో కాదు" అన్నారు. రెండో చరణంలో ఒక చిన్న దగ్గు. మూడో దాంట్లో హూడి హాల్టు దాటుతున్న రైలు కూత. తర్వాత మన ఆడవాళ్ళు పదకొండు మంది విడివిడిగా వచ్చి కోరస్ పాడారు. అదంతా మన సంఘం కుర్రాడొకడు కూర్చుని శ్రుతి సరిచేశాడు. అంటే కంప్యూటర్లో ప్లగిన్ పెట్టి, జారిన చోటల్లా స్వరాన్ని దాని స్థానంలోకి లాగాడు. వినడానికి సినిమా పాటలా వచ్చింది, వాట్సాప్ గ్రూపులో చప్పట్లే చప్పట్లు.

అత్తయ్యగారు మాత్రం విని, కళ్ళజోడు తీసి, "బాగుంది నాయనా, ఎవరు పాడారు?" అన్నారు.

అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వారు. 2021లో ఆవిడ పోయారు.

ఇక్కడ కథ ఆపి, కొంచెం వెనక్కి వెళ్దాం.

మన దేశంలో గ్రామఫోను కోసం గొంతులు పట్టడం మొదలైంది 1902లో. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన ఆ ఏడాది కలకత్తా వచ్చి నవంబరులో గౌహర్ జాన్ పాట రికార్డు చేశాడు. పెద్ద బాకా ముందు నిలబడి అరిచినట్టు పాడాలి. ఆ గాలి ఊపుకి సూది కదిలి మైనం మీద గీత పడుతుంది. ఆ గీతే పాట. తప్పు పాడితే ఆ మైనం పక్కన పడేసి కొత్తది పెట్టడమే తప్ప దిద్దడం అనే మాటే లేదు. మైనం పలకలు జర్మనీలోని హానోవర్‌కి ఓడలో వెళ్ళాలి, అక్కడ ప్లేట్లు అచ్చవ్వాలి. అక్కడి పనివాళ్ళకి ఎవరి పాట ఏదో తెలియడానికి గౌహర్ జాన్ పాట చివర ఇంగ్లీషులో తన పేరు తనే చెప్పేది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాను దీని దగ్గరికి. అన్నట్టు ఆవిడ చివరి రోజులు మనకి దగ్గర్లోనే గడిచాయి. మైసూరు ఆస్థానంలో గాయనిగా ఉంటూ 1930 జనవరిలో అక్కడే పోయింది.

ఆ కాలంలో శ్రుతి మార్చే దారి ఒక్కటే, ప్లేటు తిరిగే వేగం. 78 చుట్లు తిరగాల్సింది 82.6 చుట్లు తిరిగితే పాట సరిగ్గా అర శ్రుతి పైకి పోతుంది, గాయకుడికి ఆ మేరకి తొందర కూడా వస్తుంది. పైగా తొలినాళ్ళలో అన్ని కంపెనీలూ 78 మీదే రికార్డు చెయ్యలేదు. అందుకే పాత ప్లేట్లు సేకరించేవాళ్ళు ఇప్పటికీ, ఫలానా విద్వాంసుడు పాడింది ఏ శ్రుతిలో అని వాదించుకుంటూనే ఉంటారు. గొంతు మిగిలింది, దాని అసలు ఎత్తు మిగల్లేదు.

తర్వాత టేపు వచ్చింది. టేపుతో రెండు కొత్త సౌకర్యాలు: కోసి అతికించొచ్చు, చెరిపి మళ్ళీ వాడొచ్చు. రెండోది సౌకర్యమూ అదే, శాపమూ అదే. మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో టేపు ఖరీదైన సరుకు. పాట సినిమాకి ఎక్కాక అదే టేపు మీద మరో పాట ఎక్కేది.

ఇక్కడ బాలుగారి కథ చెప్పకుండా ఉండలేను. ఆయన మొదటి సినిమా పాట 1966 డిసెంబరు 15న రికార్డయింది, "శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న" కోసం. సంగీతం ఎస్.పి. కోదండపాణి. ఆ పాట టేపుని చెరపకుండా కొన్నాళ్ళు ఉంచమని కోదండపాణిగారు రికార్డింగు ఇంజనీరుని అడిగారనీ, వేరే సంగీత దర్శకులు వస్తే అది వినిపించేవారనీ, అలా తనకి అవకాశాలు వచ్చాయనీ బాలుగారు చాలా సభల్లో చెప్పుకున్నారు. ఆయన తర్వాత కట్టుకున్న రికార్డింగ్ థియేటరుకి కోదండపాణి ఆడియో ల్యాబ్స్ అని పేరు పెట్టుకున్నారంటే ఆ టేపు విలువ ఎంతో ఆలోచించండి. ఒక మనిషి చెరపొద్దు అన్నాడు, ఇంకో మనిషి సరే అన్నాడు. అంతే.

ఆ రోజుల్లో గాయకుడూ వాద్యబృందమూ ఒకేసారి పాడి వాయించాలి. ఎవరో ఒక వయొలినాయన చివరి చరణంలో తప్పితే మళ్ళీ మొదటి నుంచి. అందుకే ఆ తరం వాళ్ళకి అంత సాధన. బాలుగారు 1981లో మన బెంగళూరులోనే ఉపేంద్రకుమార్ సంగీతంలో ఒక్కరోజులో 21 కన్నడ పాటలు పాడారని చెప్తారు. ఈ లెక్క వినగానే మా కుర్రాడు "ట్యూనింగ్ లేకుండానా?" అన్నాడు. లేకుండానే నాయనా.

బయటి దేశాల్లో ఈలోపు ట్రాకుల పద్ధతి వచ్చింది. నాలుగు ట్రాకుల యంత్రం మీద నాలుగూ నిండిపోతే వాటిని కలిపి ఇంకో యంత్రం మీద ఒకటి రెండు ట్రాకుల్లోకి దింపి, మిగతావి ఖాళీ చేసుకునేవాళ్ళు. 1967లో బీటిల్స్ వాళ్ళ సార్జంట్ పెప్పర్ అంతా అలా తయారైందే. దీన్నే బౌన్స్ చెయ్యడం అన్నారు. ఇవాళ మన సాఫ్ట్‌వేర్లో కనపడే బౌన్స్ అనే మాట ఆ వంశానిదే. కలిపాక విడదీయలేం. డ్రమ్ము ఎక్కువైందే అని తర్వాత ఎంత అనుకున్నా లాభం లేదు. అందుకని బౌన్స్ చేసే ముందు చెవులు రిక్కించి వినేవాళ్ళు. ఇప్పుడు మనం బటను నొక్కి టీ తాగడానికి వెళ్తాం.

మన వైపు ఇంట్లో రికార్డింగు అంటే మొదట గుర్తొచ్చేది రెహమాన్. 1989లో కోడంబాక్కంలో తన ఇంటి పెరట్లోనే పంచతన్ రికార్డ్ ఇన్ కట్టుకున్నాడు. 1992లో "రోజా" వచ్చింది. గాయకుల చేత రకరకాలుగా పాడించుకుని, వాళ్ళు ఇంటికి వెళ్ళిపోయాక ఏ ముక్క వాడాలో కూర్చుని తేల్చుకునే పద్ధతి మనవాళ్ళకి అలవాటైంది ఆయనతోనే అనొచ్చు. పాట గొంతులో పూర్తవ్వదు, గదిలో పూర్తవుతుంది. ఈ మార్పు మంచిదా కాదా అని మన తాతయ్యల వర్గం ఇప్పటికీ కొట్లాడుకుంటుంది. నా మట్టుకు నాకు రెండూ ఇష్టమే.

ఇక అసలు మలుపు. ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఆయన చదివింది ఇంజనీరింగు, వాయించేది ఫ్లూటు, ఉద్యోగం చమురు కంపెనీలో. భూమిలోకి శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని లెక్కగట్టి కింద చమురు ఎక్కడుందో చెప్పడం ఆయన పని. ఆ పని వదిలి సంగీతం చదువుకోవడానికి వెళ్ళాడు. ఒకసారి భోజనాల దగ్గర ఒకావిడ, నేను శ్రుతిలో పాడేలా చేసే పెట్టె ఏదైనా తయారు చెయ్యకూడదా అని వేళాకోళం ఆడిందట. వేళాకోళం కాస్తా 1997లో ఆటోట్యూన్ అయింది. ఒక శబ్దాన్ని దానితోనే పోల్చి చూసి, ఎంతసేపటికొకసారి అదే అల మళ్ళీ వస్తోందో పట్టే లెక్క అది. అల తిరిగొచ్చే వ్యవధి తెలిస్తే స్వరం తెలిసినట్టే. 1998లో షేర్ పాడిన "బిలీవ్" పాటలో దాన్ని కావాలనే అతిగా వాడారు. గొంతు మెట్లు మెట్లుగా విరిగింది. పాట లోకమంతా మోగింది. ఆ రికార్డు తయారు చేసినవాళ్ళు మొదట్లో రహస్యం చెప్పకుండా వేరే పెట్టె పేరు చెప్పి తప్పించుకున్నారు, అది మరీ ముచ్చట.

2001లో మ్యూనిక్ నుంచి పీటర్ నాయ్‌బెకర్ తయారు చేసిన మెలొడైన్ వచ్చింది. ఆటోట్యూన్ దారిలో పోతున్న గొంతుని పట్టుకుని సరిచేస్తే, ఇది పాట మొత్తాన్ని ముందే చదివి ఒక్కో స్వరాన్ని ఒక్కో ముద్దలా తెర మీద పరుస్తుంది. ముద్దని పట్టుకుని పైకీ కిందకీ జరపడమే. మొదట్లో పాటని దీనిలోకి ఎక్కించాలంటే మొత్తం వాయించి పట్టించాల్సి వచ్చేది. 2011లో ఎ.ఆర్.ఎ. అనే ఏర్పాటు వచ్చాక రికార్డింగు సాఫ్ట్‌వేరూ ఇదీ నేరుగా మాట్లాడుకోవడం మొదలైంది. పని తేలికైంది. ఎంత తేలికైందంటే, సరిచేసిన పాట నిజానికి ఎక్కడా లేదన్న సంగతే మర్చిపోయేంత.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, మన గొడవంతా ఇక్కడే ఉంది.

శ్రుతి సరిచేసినప్పుడు అసలు రికార్డింగు మారదు. డిస్కులో అత్తయ్యగారి గొంతు అత్తయ్యగారి గొంతులాగే ఉంటుంది. పక్కన ఒక చీటీ ఉంటుంది: ఈ స్వరం ఇంత పైకి, ఆ స్వరం అంత కిందకి అని. పాట వాయించినప్పుడల్లా ప్లగిన్ ఆ చీటీ చూసుకుంటూ అప్పటికప్పుడు గొంతు మార్చి వినిపిస్తుంది. వంట అవ్వలేదన్నమాట, వంటావిడ ఎదురుగా నిలబడి అడిగినప్పుడల్లా వండి పెడుతోంది. ఆవిడ మానేస్తే మీ దగ్గర మిగిలేది పచ్చి కూరగాయలూ, ఆవిడకి తప్ప ఎవరికీ అర్థం కాని ఒక చీటీ. రెండర్ చెయ్యడమంటే వంట పూర్తి చేసి గిన్నెలోకి తియ్యడం. సరిచేసిన గొంతుని కొత్త ఆడియో ఫైలుగా రాసేస్తారు. దాన్ని ఏ కంప్యూటర్లో అయినా, ఏ సాఫ్ట్‌వేర్లో అయినా, ప్లగిన్ ఉన్నా లేకపోయినా వినొచ్చు. లాప్‌టాప్ కూడా ఊపిరి పీల్చుకుంటుంది, ఆ లెక్కలన్నీ ప్రతిసారీ చెయ్యక్కర్లేదు కనుక.

మన దగ్గర జరిగింది ఇదీ. 2019లో అత్తయ్యగారి ట్రాకుని రెండర్ చెయ్యలేదు. ప్లగిన్ దాని పని అది చేసుకుపోతోంది కదా అని వదిలేశాం. తర్వాత లాప్‌టాప్ మారింది, ప్లగిన్ లైసెన్సు పోయింది, కుర్రాడు పుణె వెళ్ళిపోయాడు. పోయిన నెల ఆ ప్రాజెక్టు తెరిస్తే తెర మీద ఒక హెచ్చరిక, స్పీకర్లో దిద్దని గొంతు. వాట్సాప్‌లో పంచుకున్న పాట ఎవరి ఫోన్లోనైనా ఉంటుందేమోనని నలభై మందిని అడిగాను. ఫోన్లు మారాయి, గ్రూపు మారింది, ఎవరి దగ్గరా లేదు.

కోరస్ సంగతి దీనికి తిరగబడ్డ కథ. ఆ పదకొండు గొంతులూ చక్కగా సరిచేసి, రెండర్ చేసి, చోటు కలిసొస్తుందని అసలు ట్రాకులు తీసేశాం. తీసేసింది నేనే, తప్పు నాదే. ఎంత చోటు కలిసొచ్చిందో మొన్న లెక్కేశాను. 24 బిట్లు, 48 వేల నమూనాల మోనో ట్రాకు నిమిషానికి 8.64 ఎం.బి. నాలుగు నిమిషాల పాట, పదకొండు ట్రాకులు: అంతా కలిపి 380 ఎం.బి. మన గణేశ నిమజ్జనం వీడియో ఒక్కటే అంతకంటే పెద్దది. ఇప్పుడు ఆ పదకొండు మందీ ఒకే గొంతుతో పాడినట్టుంటుంది. అందులో ఇద్దరు ఊళ్ళు మారారు. ఒకావిడ గొంతుకి ఆపరేషన్ అయి ఇప్పుడు పాడటం లేదు. ఆవిడ ముందు ఈ విషయం చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఇక్కడ రాస్తున్నాను.

ఇంకో మాట. మన పాటకి ఈ దిద్దుబాటు ఎందుకు అంత పెద్ద చిక్కు? ఈ సాఫ్ట్‌వేర్లకి పుట్టుకతో తెలిసింది పియానో మెట్లు, పన్నెండు గళ్ళు. మన స్వరం గడిలో కూర్చోదు. తోడిలో గాంధారం నిలబడి పాడితే అది తోడే కాదు, ఊగాలి. ఆ ఊపుని యంత్రం వణుకు అనుకుని ఇస్త్రీ చేసేస్తుంది. ఇక అత్తయ్యగారు పాడింది సౌరాష్ట్రానికి దగ్గరగా ఉంటుంది, ఆవిడకి రాగం పేరు తెలీదు, వాళ్ళ అత్తగారి దగ్గర నేర్చుకున్నారు. ఆవిడ ఎత్తుకున్నది నాలుగు శ్రుతికీ నాలుగున్నరకీ మధ్య ఎక్కడో. ఆ మధ్యలో నిలబడి పాట అంతా ఒద్దికగానే ఉంది, తనకి తను శ్రుతిలోనే ఉన్నారు. మనమే ఆవిడని జరిపి నాలుగున్నరలో కూర్చోబెట్టాం. ఆధార శ్రుతిని ఆవిడకి తగ్గట్టు సరిచూసుకునే వీలు సాఫ్ట్‌వేర్లో ఉంది. స్వరం నడిమిని మాత్రం సర్ది ఊపుని ముట్టుకోకుండా వదిలే వీలూ ఉంది. అప్పుడు మనకి తెలియదు. తెలియకపోవడం కంటే, అడగాలని తోచకపోవడం.

బెంగుళూరు నాగరత్నమ్మగారు ఈ సందర్భంలో గుర్తొచ్చారు. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన "రాధికా సాంత్వనము" పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చయినప్పుడు కొన్ని భాగాలు లేకుండా వచ్చింది. నాగరత్నమ్మగారు రాతప్రతి సంపాదించి, వాటన్నిటితో కలిపి 1910లో మళ్ళీ అచ్చు వేయించారు. వీరేశలింగంగారంతటి వారు తప్పుపట్టిన పుస్తకం అది. ప్రభుత్వం నిషేధించింది. నిషేధం ఎత్తేయించడానికి ప్రకాశం పంతులుగారు రావాల్సి వచ్చింది. దిద్దినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే దిద్ది ఉంటారు. కానీ రాతప్రతి ఎక్కడో ఒకచోట మిగిలింది కాబట్టే ఆవిడకి ఆ అవకాశం దొరికింది. మన కోరస్‌కి రాతప్రతి లేదు.

ఇదంతా విని, అయితే సరిచెయ్యడమే మానేద్దామా అని మొన్న కమిటీలో ఒకాయన అడిగారు. నేను ఒప్పుకోను. పోయినేడాది పిల్లల పాటల సీడీలో ఒక చిన్నమ్మాయి ఒక్క పంక్తిలో జారిందని సిగ్గుపడి ఇక పాడనని కూర్చుంది. ఆ పంక్తి కాస్త సర్దితే మళ్ళీ మైకు ముందుకి వచ్చింది. ఎవరు పాడారో వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని, సరిచేసింది వినిపించి, సరేనంటేనే ఖాయం చెయ్యడం. అత్తయ్యగారు "ఎవరు పాడారు" అన్నప్పుడు మేం నవ్వకుండా ఆ ప్లగిన్ తీసేసి ఇంకోసారి వినిపించాల్సింది.

కాబట్టి ఈ వేసవిలో పెద్దవాళ్ళ పాటలు రికార్డు చేసే కార్యక్రమానికి నా ప్రతిపాదన ఇది, కామెంట్లలో కొట్లాడండి. పాడినది పాడినట్టు ఒక ఫైలు, దాన్ని ఎవరూ తాకకూడదు. సరిచేస్తే, అదే రోజు రెండర్ చేసిన ఫైలు ఇంకొకటి, ప్రతిధ్వనీ వగైరా హంగులేవీ కలపకుండా, పాట మొదటి క్షణం నుంచి మొదలయ్యేలా, తర్వాత ఏ సాఫ్ట్‌వేర్లో పెట్టినా తాళానికి సరిపోయేలా. రెండూ రెండు వేరు వేరు డిస్కుల్లో, ఒకటి సంఘం బీరువాలో, ఒకటి వేరే బ్లాకులో ఎవరింట్లోనైనా. ఇక గౌహర్ జాన్ దగ్గర నేర్చుకున్నది: పాట అయ్యాక పాడినవాళ్ళు తమ పేరూ, ఊరూ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో తమ నోటితో చెప్పాలి. ఫైలు పేర్లు మారిపోతాయి, ఆ మాట పాటతోనే ఉంటుంది. శనివారం సాయంత్రం నాలుగింటికి క్లబ్‌హౌస్‌లో మొదటి సిట్టింగు, పరుపులు నేను తెస్తాను. పెద్దవాళ్ళు రావడానికి ఇబ్బందైతే చెప్పండి, మైకే ఇంటికి వస్తుంది.

డాలస్ సంగతి చెప్పలేదు కదూ. దిద్దని పాట పంపించి, అమ్మా ఇదే మిగిలింది అని సంజాయిషీ రాశాను. మనవరాలు విని గంట తర్వాత ఫోను చేసింది. గొంతు బొంగురుగా ఉంది. "ఇదే కావాలి మామయ్యా, రెండో చరణంలో ఆ దగ్గు ఒక్కటి తీసెయ్యండి చాలు" అంది. వెనక నుంచి వాళ్ళమ్మ, అంటే అత్తయ్యగారి కూతురు, "దగ్గు తియ్యొద్దని చెప్పవే, అమ్మ హారతి పళ్ళెం తిప్పేటప్పుడు కర్పూరం పొగకి ఎప్పుడూ అక్కడే దగ్గేది" అంటోంది. ఇద్దరూ ఫోన్లోనే వాదనకి దిగారు. నేను రెండు ఫైళ్ళూ చేసి పంపించాను. రైలు కూత రెండింట్లోనూ ఉంది, దాన్ని తియ్యమని ఎవరూ అడగలేదు.